ఆకులు చూడ్డానికి ఏ వారం మంచిది?

పోయినేడాది ఆగస్టు నెలాఖరున మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. సెప్టెంబరు రెండోవారం నుంచి నవంబరు మొదటివారం దాకా వారాలన్నీ గళ్ళు గీసి, ఏ వారం ఎవరికి కుదురుతుందో, ఎవరికి కుదరదో రాసిన కాగితం. మా వారు దాన్ని చూసి, "ఏవిటిది, పెళ్ళి ముహూర్తమా?" అన్నారు.

ఒకరకంగా ముహూర్తమే. మా అత్తయ్యకి పడవ మీద నుంచి రంగుల ఆకులు చూపించాలి. దానికి మంచిరోజు వెతుకుతున్నాను.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళయింది. అత్తయ్య రావడం ఇది మూడోసారి. మొదటిసారి మా పెద్దాడు పుట్టినప్పుడు, రెండోసారి మా చిన్నది పుట్టినప్పుడు. ఆ రెండుసార్లూ ఆవిడ చూసిన అమెరికా అంతా నా వంటిల్లూ, పిల్లల నీళ్ళ తొట్టీ, శనివారం గుడీ. రెండోసారి మామయ్య కూడా వచ్చారు. "హడ్సన్ నది మీద లాంచీ ఎక్కుదాం, కొండలన్నీ ఎర్రగా పండిపోయి ఉంటాయి" అని నేనే ఊరించాను. మొదట అనుకున్నది అక్టోబరు రెండోవారం. "ఇంకా సగం పచ్చగానే ఉన్నాయి, ఇంకో రెండు వారాలాగితే పూర్తిగా తిరుగుతాయి" అని ఆపింది కూడా నేనే. ఆ రెండు వారాలూ గడిచాక రెండురోజులు ఒకటే గాలి, వాన. ఆకులన్నీ కార్ల మీదా, మురుగు జాలీల మీదా అంటుకుపోయాయి. మామయ్య కిటికీలోంచి చూసి, "పోన్లేమ్మా, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు. 2020లో పోయారు.

అత్తయ్యా మామయ్యలది కొవ్వూరు దగ్గర పల్లెటూరు. గోదావరి గట్టు మీద నలభై ఏళ్ళు కాపురం చేసి కూడా ఇద్దరూ పాపికొండలు చూడలేదంటే మీరు నమ్ముతారా? ఎండాకాలం వద్దు, నీళ్ళుండవు. వానాకాలం వద్దు, వరదలు. తర్వాత కోతలు. కార్తీకమాసం మంచిదే గానీ జనం. ఇలా మామయ్య మంచి టైము చూస్తూ చూస్తూ ఉండగానే 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర ఆ పడవ మునిగింది. లాంచీలు ఆపేశారు. మళ్ళీ మొదలయ్యేసరికి ఆయన లేరు.

అందుకని ఈసారి ఆకుల్ని వాయిదా వెయ్యకూడదని గట్టిగా అనుకున్నాను. కానీ అది ఒక్కటే కారణం కాదు. అసలు సంగతి చెప్పాలంటే నేను సిగ్గుపడిన విషయం ఒకటి చెప్పాలి.

అత్తయ్య మే నెలలో దిగారు. వచ్చిన నాలుగు రోజులకే నాకు మనసులో ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. ఆవిడ నాతో మాట్లాడేటప్పుడు నా మొహం కేసి చూడ్డం లేదు. నేను ఎదురుగా నిలబడి "అత్తయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటే, నా భుజం మీదుగా ఎటో చూస్తూ "సరిపోయిందే అమ్మాయ్" అంటారు. ఒకప్పుడు బియ్యంలో రాయి నా కన్నా ముందు పట్టేసే మనిషి, కందిపప్పు పళ్ళెం ముందు పెడితే "నువ్వే చూసుకో" అని జరిపేశారు. పండక్కి చీర కొంటే రంగు బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. మామయ్య పోయినప్పుడు కోవిడ్ రోజులు, ప్రయాణాలు లేవు, మేం వెళ్ళలేకపోయాం. ఆ కోపం ఇప్పుడు చూపిస్తున్నారేమో అనుకున్నాను. మా అమ్మతో ఫోన్లో చెప్పుకుని ఏడ్చాను కూడా. రెండు నెలలు అలాగే గడిచాయి, ఇద్దరం ఒకే వంటింట్లో మర్యాదగా, దూరంగా.

జులైలో ఒక సాయంత్రం మా చిన్నది అన్నం తింటూ నవ్వింది. "అమ్మా, నానమ్మ నా చెవిని చూసి నాతో మాట్లాడుతుంది!"

నేను అత్తయ్య కేసి చూశాను. ఆవిడ గబుక్కున తల దించుకున్నారు. పిల్లలు పడుకున్నాక వెళ్ళి పక్కన కూచుని అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి ఒక మడత కాగితం తీశారు. గళ్ళ కాగితం, మధ్యలో నల్ల చుక్క. రాజమండ్రిలో కంటి డాక్టరిచ్చినదిట. ఒక కన్ను మూసుకుని, ఆ చుక్కని చూస్తూ, చుట్టూ గీతలు తిన్నగా ఉన్నాయా వంకర పోతున్నాయా అని రోజూ చూసుకోమన్నారుట.

"మధ్యలో మసకే అమ్మాయ్. సూటిగా చూస్తే నీ మొహం ఉండదు, జుట్టూ చెవులూ ఉంటాయి. కాస్త పక్కకి చూస్తే నువ్వు కనిపిస్తావు. అబ్బాయికి చెప్పకు, ఊరికే కంగారు పడతాడు" అన్నారు.

శుక్లం అయితే ఆపరేషన్ చేసి తీసేస్తారు. ఇది అది కాదు. కంటి వెనకాల రెటీనా మధ్యభాగం, మాక్యులా అంటారు, వయసుతో అరిగిపోవడం. అత్తయ్యది మెల్లగా నడిచే రకం. పక్క చూపు మిగులుతుంది కాబట్టి మనిషి పూర్తిగా చీకట్లోకి వెళ్ళిపోరు. కానీ అక్షరాలు, మొహాలు, సూదిలో దారం, ఇవి కష్టం. వెలుతురు సూటిగా పడితే చూపు ఇంకా చెదురుతుంది. "రంగులు కూడా వెలిసిపోయినట్టున్నాయే. నువ్వు కొన్న చీర బూడిద రంగో నేరేడు రంగో తేల్చుకోలేక ఊరుకున్నాను" అన్నారు.

అది నేరేడు రంగు చీర.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు నెలల పాటు ఆవిడ నన్ను చూడ్డానికే పక్కకి చూస్తుంటే, చూడ్డం ఇష్టంలేక అనుకున్నాను. మర్నాడు మా వారికి చెప్పేశాను, అత్తయ్య మాట కాదని. ఆయన కంగారు పడ్డ మాట నిజమే. వాళ్ళమ్మ మందులు, డాక్టరు చీటీ అన్నీ చదివి, ఇక్కడ కూడా ఒక డాక్టరుకి చూపించారు. ఆయనా అదే చెప్పారు. ఉన్నట్టుండి గీతలు వంకరపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా రండి అన్నారు.

ఇదీ ఆ ఫ్రిజ్ మీది కాగితం వెనక కథ. రంగులు కనిపిస్తున్నప్పుడే చూపించెయ్యాలి.

మా వారు ముందు పెద్ద ఓడ అన్నారు. శరత్తులో న్యూయార్క్ నుంచీ బోస్టన్ నుంచీ పెద్ద ఓడలు ఉత్తరానికి వెళ్తాయి. పోర్ట్‌లాండ్, బార్ హార్బర్, సెయింట్ జాన్, హాలిఫాక్స్, కొన్నయితే క్విబెక్ దాకా. వారం, పది రోజుల ప్రయాణం. నాకూ ఆశ పుట్టింది. ఓడలో భోజనం నేను వండక్కర్లేదుగా!

కానీ వివరాలు చదివేకొద్దీ ఒక్కో పేచీ బయటపడింది. మొదటిది, ఓడ కెనడాలో ఆగుతుంది. మాకు గ్రీన్ కార్డుంది కాబట్టి సరే, అత్తయ్యకి కెనడా వీసా వేరే తీసుకోవాలి. ఆగస్టు చివర మొదలుపెడితే చేతికెప్పుడొస్తుందో. రెండోది, ఇలాంటి ప్రయాణంలో ఏ ఒక్క తేదీ అన్ని ఊళ్ళకీ సరిపోదు. ఆకులు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండల పైనుంచి కిందికి రంగు తిరుగుతాయి. క్విబెక్‌లో సెప్టెంబరు చివరా అక్టోబరు మొదట్లో బాగుంటే, మెయిన్ రాష్ట్రం సముద్ర తీరంలో అక్టోబరు మధ్య దాటాలి. సముద్రం పక్కనున్న ఊళ్ళల్లో నీళ్ళ వెచ్చదనానికి ఆకులు ఇంకా నెమ్మదిగా పండుతాయి. సెప్టెంబరులో వెళ్తే ఎండ బాగుంటుంది గానీ తీరమంతా పచ్చగానే ఉంటుంది, పైగా అట్లాంటిక్ తుఫాన్లు జోరుగా ఉండే నెల అదే. అక్టోబరు చివర వెళ్తే చలి, పెద్ద అలలు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. పెద్ద ఓడ చాలా దూరం సముద్రం మీదే, చాలా వరకు రాత్రిపూట నడుస్తుంది. ఆకులు కనబడాలంటే ఊళ్ళో దిగి, బస్సెక్కి, లోపలికి వెళ్ళాలి. బార్ హార్బర్‌లోనయితే ఓడ నీళ్ళలోనే ఆగుతుంది, చిన్న పడవలోకి దిగి ఒడ్డుకి పోవాలి. మోకాళ్ళ నొప్పులు, మసక చూపు ఉన్న మనిషిని ఊగే పడవలోకి దింపడం నాకు ధైర్యం చాల్లేదు. అత్తయ్యకి కావలసింది దగ్గరగా, పక్కనుంచి, ఒడ్డంతా రంగు కనబడే నది. అంటే మళ్ళీ మామయ్యకి చూపించలేకపోయిన హడ్సనే.

నదిని తేల్చాక వారం తేల్చాలి. దానికోసం ఆకులు ఎందుకు రంగు మారతాయో కాస్త చదివాను. పసుపు రంగు ఆకులో ఎప్పుడూ ఉంటుందిట. వేసవంతా పచ్చదనం దాన్ని కప్పి ఉంచుతుంది. పగళ్ళు కురచ అయ్యేసరికి చెట్టు కొత్త పచ్చదనం తయారుచెయ్యడం మానేస్తుంది, దాంతో లోపలున్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అలా దాగి ఉన్నది కాదు, అప్పటికప్పుడు ఆకులో మిగిలిన చక్కెరతో తయారయ్యేది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టని చలి ఉంటే ఎరుపు బాగా తిరుగుతుంది. మేపుల్ చెట్లు ముందు పండుతాయి, ఓక్ చెట్లు చివర్న, అవీ ఇటుక రంగులోకి. బర్చ్ పసుప్పచ్చగా.

న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళు శరత్తంతా వారం వారం ఏ జిల్లాలో రంగు ఎంతవరకు వచ్చిందో చెబుతుంటారు. ఊరూరా ఉండే వాలంటీర్లు చెట్లు చూసి పంపే కబుర్లు అవి. మామూలుగా చూస్తే పైనున్న ఆడిరాండాక్ కొండల్లో సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటివారం, క్యాట్‌స్కిల్స్‌లో అక్టోబరు మొదటి సగం, హడ్సన్ లోయ మధ్యభాగంలో అక్టోబరు మూడు, నాలుగు వారాలు, కిందికి న్యూయార్క్ సిటీ వైపొచ్చేసరికి నవంబరు మొదలు.

ఇప్పుడు నా కాగితం మీది గళ్ళు కొట్టెయ్యడం మొదలైంది.

సెప్టెంబరు చివరి రెండు వారాలూ మహాలయ పక్షం. మామయ్యకి తర్పణం వదిలే రోజుల్లో షికార్లు వద్దని అత్తయ్య మెల్లగానే చెప్పారు. కొట్టేశాను. అక్టోబరు మొదటివారం నుంచి నవరాత్రులు. పిల్లలు బొమ్మలకొలువు పెట్టారు, రోజూ పేరంటాలు. అదీ కొట్టేశాను. దసరా సరిగ్గా ఇక్కడి కొలంబస్ డే లాంగ్ వీకెండ్‌లో వచ్చింది. మా వారికి, పిల్లలకి సెలవు కాబట్టి ఆయన ఓటు దానికే. కానీ ఆ మూడురోజులూ ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళంతా ఆకులు చూడ్డానికే బయల్దేరతారు. రోడ్లు నిండిపోతాయి, టిక్కెట్టు ఖరీదు పెరుగుతుంది, పడవలో రెయిలింగు దగ్గర చోటు దొరకదు. జనంలో అత్తయ్య అడుగు తీసి అడుగు వెయ్యలేరు. పైగా హడ్సన్ దగ్గర అప్పటికింకా సగం పచ్చే.

నెలాఖరు వారం పీక్ అని అందరూ అన్నారు. ఆ మాటకి నాకు మామయ్య మొహం గుర్తొచ్చింది. అప్పుడూ పీక్ కోసమే ఆగాను. పైగా 2024 అక్టోబరు మా వైపు ఎలాంటిదో ఇక్కడున్న వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నెలంతా వాన పడలేదనే చెప్పాలి, మా పెరట్లో గడ్డి కరకరలాడింది. నీళ్ళు చాలని చెట్టు ఆకుల్ని ముందే రాల్చేసుకుంటుంది. ఒక్క పెద్ద గాలి చాలు. అదీగాక దీపావళి ఆ నెలాఖరునే. ఆ వెంటనే అత్తయ్య తిరుగు ప్రయాణం.

మిగిలింది మూడోవారం తర్వాత, నాలుగోవారం మొదలు. అట్లతద్ది వెళ్ళిన బుధవారం. పిల్లలకి బడి ఉంది, మా వారికి ఆఫీసుంది. "వీకెండ్ చాలదా? ఆకుల కోసం బడి మాన్పిస్తావా?" అన్నారాయన. "ఆకుల కోసం కాదు" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. సెలవు పెట్టారు.

పీక్ కన్నా నాలుగురోజులు ముందు ఎందుకన్నానంటే దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆకులు రావడం మెల్లగా వస్తాయి, పోవడం మాత్రం ఒక్క రాత్రిలో పోతాయి. ముందు వెళ్తే కాస్త పచ్చ ఎక్కువుంటుంది, ఆలస్యమైతే కొమ్మలే ఉంటాయి. అత్తయ్య కళ్ళకి కొంచెం పచ్చ ఉండటమే మేలు. అంతా ఒకే రంగయితే ఆవిడకి కలిసిపోతుంది. పచ్చ పక్కన ఎరుపుంటే తేడా తెలుస్తుంది. ఈ సంగతి నాకు వంటింట్లో తెలిసింది. తెల్ల గిన్నెలో పెరుగన్నం పెడితే తడుముకునేవారు, స్టీలు గిన్నెలో పెడితే చక్కగా తినేవారు.

పడవ మధ్యాహ్నానిది తీసుకున్నాను. ఎండ నడినెత్తిన ఉంటే రంగులు బాగా మెరుస్తాయని నా లెక్క. ఇన్ని లెక్కలు వేశానా, బుధవారం పొద్దున్నే లేచి చూస్తే ఆకాశమంతా మబ్బు! నెలంతా ఒక్క చుక్క రాల్చని ఆకాశానికి ఆ రోజే మబ్బు పట్టాలా? పులిహోర కలుపుతూ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాను. మా వారు, "టిక్కెట్లు మార్చుకోవచ్చేమో చూడనా?" అన్నారు. చూడమనబోయి ఆగాను. మళ్ళీ అదే పని చెయ్యబోతున్నానని అర్థమైంది. "వద్దు, బయల్దేరదాం" అన్నాను.

రెండు గంటల ప్రయాణం న్యూబర్గ్‌కి. కారు పార్కు చేసిన చోటే పులిహోర, పెరుగన్నం తినేసి పడవెక్కాం. పనిరోజు కావడంతో జనం సగం కూడా లేరు. పైడెక్కు మెట్లు నిటారుగా ఉన్నాయని కింది డెక్కు మీదే రెయిలింగు పక్కన బెంచీ చూసుకున్నాం. చలి లేదు, అత్తయ్యకి నా శాలువా ఒకటి సరిపోయింది.

పడవ దక్షిణానికి తిరిగింది. ఎడమవైపు చిన్న దీవి మీద పాడుపడ్డ కోట వచ్చింది. బ్యానర్‌మన్ అనే ఆయుధాల వ్యాపారి వందేళ్ళ క్రితం తుపాకులు, మందుగుండు దాచుకోడానికి కట్టుకున్న గోడౌనుట అది. పిల్లలు దాని ఫొటోల్లో పడ్డారు. నేను మాత్రం అత్తయ్యనే చూస్తున్నాను. ఆవిడ తల కాస్త కుడివైపుకి తిప్పి, నీళ్ళ కేసి చూస్తున్నట్టు కూచున్నారు. జులైకి ముందయితే "ఇంత దూరం తీసుకొస్తే కొండ కేసి చూడ్డం లేదు" అనుకునేదాన్ని. ఇప్పుడు తెలుసు, అదే ఆవిడ కొండని చూడ్డం.

"అత్తయ్యా, మబ్బు పట్టేసింది, ఎండుంటే బావుండేది" అన్నాను.

"ఎండ లేకపోవడమే మంచిదైందే అమ్మాయ్. నీళ్ళ మీద తళుకుంటే నా కళ్ళు చెదిరిపోయేవి. ఇప్పుడు హాయిగా ఉంది. అదిగో, అక్కడ కుంకం ఒలకబోసినట్టుంది చూడు" అన్నారు.

చూశాను. స్టార్మ్ కింగ్ కొండ మీద, దేవదారుల్లాంటి పచ్చటి చెట్ల మధ్య ఒకే ఒక మేపుల్. నేను ఇంకా చూడనేలేదు దాన్ని. మబ్బులో రంగు పాలిపోతుందనుకున్నాను గానీ నిజానికి ఎరుపు ఇంకా చిక్కగా ఉంది. ఎండ వెలుగు లేకపోతే మెరుపు పోతుంది, రంగు నిలుస్తుంది. నా లెక్కల కాగితంలో ఈ గడి నేను గీసుకోలేదు.

ఆవిడలాగా చూద్దామని నేనూ ప్రయత్నించాను. పడవ మీది జెండా కర్ర కేసి చూపు నిలిపి, కొండని కంటి చివర్నుంచి చూశాను. ఆకులు లేవు, కొమ్మలు లేవు. పసుపూ కుంకమా పచ్చా కలిపి తుడిచినట్టు ఉత్త రంగులే. చాలాసేపు అలాగే ఉన్నాను. అలా చూడ్డంలో ఒక అలసట ఉంది. అత్తయ్య మే నెల నుంచీ మా ఇంట్లో ఆ అలసటతోనే పిల్లలకి జడలు వేశారు.

అక్కడ నది సన్నబడుతుంది. కుడివైపు స్టార్మ్ కింగ్, ఎడమవైపు బ్రేక్‌నెక్ కొండ, రెండూ నీళ్ళలోకి దిగి ఉంటాయి. పడవ ఆ సందులోకి వచ్చేసరికి అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "ఇవి పాపికొండలే" అన్నారు. ఆవిడ చూడని పాపికొండలు. కాసేపాగి నవ్వి, "మీ మామయ్య ఉంటే ఇప్పుడు కూడా, పైవారం వద్దామా, మబ్బు లేకుండా ఉంటుంది అనేవారు" అన్నారు. నేను నవ్వలేకపోయాను. "ఆయన్ని ఆపింది నేనే అత్తయ్యా. నేనే రెండు వారాలు ఆగుదామన్నాను" అన్నాను. ఎనిమిదేళ్ళుగా ఎవరితోనూ అనని మాట.

ఆవిడ నా కేసి తిరిగారు. నా చెవి పక్కకి చూస్తూ, అంటే నా మొహంలోకి చూస్తూ, "పిచ్చిదానా, ఆయన ఆ రోజు కిటికీ దగ్గర కాఫీ తాగుతూ ఏమన్నారో తెలుసా? ఈ అమ్మాయి మన కోసం ఆకుల్ని కూడా కాపలా కాస్తోందే అన్నారు" అన్నారు.

వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీ రాతి గోడలు కనబడేదాకా వెళ్ళి పడవ వెనక్కి తిరిగింది. అప్పుడు అత్తయ్య నీళ్ళలో కొట్టుకుపోతున్న ఆకుల్ని చూపించి, "ఇదేవిటే, ఆకులు ఎగువకి పోతున్నాయి?" అన్నారు. మా వారు నవ్వి, గాలికేమోలే అమ్మా అన్నారు. "గాలి కాదురా, పోటు" అన్నారావిడ. ఆవిడ పుట్టిల్లు నరసాపురం. వశిష్ట గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది అక్కడికి దగ్గరే. పోటూ పాటూ చూస్తూ పెరిగిన మనిషి. పడవ వాళ్ళని అడిగితే నిజమేనన్నారు. సముద్రపు పోటు ఈ నదిలో ట్రాయ్ ఊరి దాకా, సుమారు 150 మైళ్ళు లోపలికి వస్తుందిట. ఇక్కడి పాతకాలపు జనం దీన్ని రెండువైపులా పారే నది అనే పిలిచేవారుట. పద్నాలుగేళ్ళుగా ఇక్కడుంటున్నా మాకు తెలియని సంగతి, మసక కళ్ళతో ఆవిడ పట్టేశారు. మా పెద్దాడు మర్నాడు బళ్ళో, నిన్న ఎందుకు రాలేదంటే ఇదే చెప్పాడుట.

మీలో చాలామంది అమ్మానాన్నల్నో అత్తమామల్నో పిలిపించుకునే ఉంటారు, లేదా పిలిపించుకోబోతుంటారు. ఆకులు చూపించాలనుకుంటే నాకు తెలిసింది చెబుతాను. పెద్ద ఓడ అయితే వీసా సంగతి నెలల ముందే చూసుకోండి, ఏ ఊళ్ళో ఎప్పుడు రంగొస్తుందో ఊరూరికీ విడిగా చూడండి. నది మీద చిన్న పడవ అయితే పీక్ వారానికి కాస్త ముందు, పనిరోజున పెట్టుకోండి. మబ్బు పట్టిందని మానకండి. పెద్దవాళ్ళకి కింది డెక్కు, రెయిలింగు పక్క చోటు, ఒక శాలువా. వాళ్ళు మీ మొహం కేసి చూడకుండా మాట్లాడుతుంటే మాత్రం, కోపమేమో అనుకునే ముందు కళ్ళ డాక్టరుకి ఒకసారి చూపించండి.

మేం వెళ్ళొచ్చిన తర్వాతి ఆదివారం ఫ్రిజ్ మీది కాగితం తీసేశాను. అత్తయ్య తన గళ్ళ కాగితాన్ని అదే చోట అంటించారు, ఇంక పెట్టెలో దాచాల్సిన పని లేదని. తిరిగి వెళ్ళేదాకా రోజూ పొద్దున్న కాఫీ అయ్యాక ఒక కన్ను మూసుకుని దాని ముందు నిలబడేవారు. మా చిన్నది పక్కన నిలబడి, తనూ ఒక కన్ను మూసుకునేది.

ఈ ఏడాది క్రిస్మస్ సెలవులకి మేమే వెళ్తున్నాం. నిన్న ఫోన్లో, "పాపికొండలు వెళ్దాం అత్తయ్యా, టిక్కెట్లు తీసుకోమని చెప్పేశాను" అన్నాను.

"చలిగా ఉంటుందేమోనే, సంక్రాంతి దాటాక అయితే..." అన్నారు.

"శాలువా తెస్తున్నాను" అన్నాను.